పెంటయ్యకు మేకేసినవా

ఫోను ఒక్కసారి మోగి ఆగింది. ఆగిందంటే కొడుకు పాణంతోని ఉన్నట్టు. ఉపేందర్ గడియారం దిక్కు చూసిండు, సరిగ్గ రెండు. ఇది బామ్మర్ది గోవర్ధన్‌తోని మొన్న చేసుకున్న ఒప్పందం. అరగంటకోపారి జనగామ నుంచి మిస్డ్‌కాల్ ఇయ్యాలె. ఒక్కటి మోగి ఆగితే ఏం ఫికర్ లేదు, ఆగకుంట మోగితే ఎత్తు బావా, అన్నడు వాడు. ఒప్పందం చెప్పుకునేటప్పుడు మంచిగనే కొట్టింది. మొదటి మోతకూ రెండో మోత రావాల్సిన జాగకూ నడుమ ఎంత దూరముంటదో అప్పుడు ఇద్దరికీ ఎర్కలేదు. రోజుకు నలబై ఎనిమిది సార్లు గుండె ఆగి కొట్టుకోవాలె మనిషికి. ఇగ రెండున్నర దాక ఏం జేయాలె? చేతులు రెండు ఒళ్లె పెట్టుకొని కూసున్నడు. పని లేని చేతులు ఎంత బరువుంటయో తెలంగాణ కోసం సమ్మె మొదలైనప్పటి సంది చూస్తనే ఉన్నడు.

కరెంటు లేదు. పన్నెండు కొట్టంగ పోయింది, మూడింటికొస్తది. ఏ ఊరికి ఎప్పుడు కోతనో పేపర్ల ఏసిండ్రు, కత్తిరించి తలుపు ఎనక అతికిచ్చిండు. భూపాలపల్లికి పన్నెండు నుంచి మూడు, జనగామకు మూడు నుంచి ఆరు. నిన్నటి దాక జనగామకు రెండు గంటలే ఉండె, ఇయ్యాల్టి సంది మూడు చేసిండ్రు. బతుకమ్మ దినాలు, వాన ఎనకకు తగ్గి ఎండ మళ్ల మొదలైంది, రెండర్రల క్వార్టర్ల గాలి ఆడతలేదు, బనీను ఈపుకంటుకున్నది. ఉక్కపోత సంగతి పక్కకు పెట్టు. కొడుక్కు ఉక్కపోతనే గావాలె. జనగామల ఆ చిన్న దవాఖానల, కిలో మూడు వందల గ్రాములున్న పోరడు అద్దాల పెట్టెల వేడి లైటు కింద పండుకొని ఉన్నడు, ఏడున్నర నెలలకే తొందరపడి వచ్చిండు, వాని ఒంటికి వాడు వేడి పుట్టిచ్చుకోలేడట. ఇన్వర్టర్ గంట ఆగుతది, తర్వాత జనరేటర్, జనరేటర్‌కు డీజిలు, బంకులు బంద్. గోవర్ధన్ డబ్బా పట్టుకొని ట్రాక్టర్లున్న ఇండ్లన్ని తిరుగుతున్నడు. డాక్టరమ్మ మంచిదే, పాపం, వేడినీళ్ల సీసాలు పెట్టి గంట రెండు గంటలు నెట్టుకొస్తం, అటెనక నేను చెప్పలేను అన్నదట. చెప్పలేను అనే మాట ఎన్నిసార్లు తిప్పి చూసినా దాంట్ల ఇంకో అర్థం దొరుకతలేదు.

ల్యాప్‌టాప్ మూత తెరిచిండు. తెరవద్దని ఎర్కనే. బ్యాటరీ ఇరవై నాలుగు శాతం ఉన్నది, అది ముసలి బ్యాటరీ, గంటల చేతులెత్తేస్తది. మూత వేసి ఉంటే నిద్రల ఉంటది, లోపల ఉన్నోడు పదిలంగుంటడు. గని చూడకుంట ఉండలేకపోయిండు. తెర మీద దీవి తేలింది, దీవి నడుమ పెద్ద కంచె, కంచె లోపల చెట్ల సందుల పెంటయ్య. రాకాసిబల్లి. మాంసం తినేటిది, అన్నిట్ల పెద్దది, తలకాయే ఇంటి దర్వాజంత ఉంటది, ముందటి చేతులు మాత్రం దేవుడు మర్శిపోయి ఆఖరుకు అతికిచ్చినట్టు గింతగింత. మానుకోటల నెట్ సెంటర్ నడిపే మంగీలాల్, ఐటీఐల తోటోడు, పాత ల్యాప్‌టాప్ అమ్మిండు, అండ్ల ఈ ఆట ఎక్కిచ్చి ఇచ్చిండు. రాకాసిబల్లుల పార్కు నడిపే ఆట. కంచె మనమే వెయ్యాలె, కరెంటు మనమే గుంజాలె, మడుగు తవ్వాలె, చెట్లు నాటాలె, జనం టికెట్ కొనుక్కొని చూడవస్తరు. దొంగ సీడీ, ఆడినకాడికి దాసుకుందామంటే దాసుకోదు. బందు పెట్టినవా, దీవి లేదు, బల్లి లేదు, మళ్ల మొదటి సంది మొదలు. అందుకే ఐదు నెలల సంది ఆ డబ్బాను ఒక్కనాడు బందు పెట్టలే, మూత వేసి నిద్రపుచ్చుడు, మూత తీసి లేపుడు. పెండ్లాం కరుణ అంటుండె, ఇంట్ల చంటిపిల్ల ఉన్నట్టే ఉన్నది, సప్పుడు జేయకు లేస్తడు అని.

నేలల పాతబడ్డ బల్లుల బొక్కలు, ఎముకలు, తవ్వి తెస్తేనే ఆ ఆటల గుడ్డు అయితది. మొదటి దినం అది చూసి కరుణ ఎంత నవ్వింది, బొగ్గుబాయిల తవ్వింది సాలదా, ఇంటికొచ్చి మళ్ల తవ్వుడేనా, నీ నొసట తవ్వుడే రాసి పెట్టిండు అని. నేను తవ్వెటోన్ని కాదే, మోటర్లు చూసెటోన్ని, ఎలక్ట్రిషియన్‌ను అంటే, బాయిల దిగినంక అందరు ఒకటే రంగు అన్నది. నిజమే. ఒకపారి బాయిల నుంచి రాయి తెచ్చిండు, రాయి మీద ఆకు అచ్చు పడ్డది, ఈనెలు సుత కనబడుతయి, ఎప్పటి ఆకో, ఏ బల్లి కాలికింద రాలిందో. కరుణ దాన్ని కడిగి, తుడిచి, దేవుని పటం పక్కన పెట్టింది. ఇప్పుడు సుత అక్కన్నే ఉన్నది. దానికి బొట్టు సుత పెట్టింది పిచ్చిది.

పెంటయ్య మడుగుకాడికొచ్చి నీళ్లు తాగుతున్నడు. ఆకలి గీత సగానికి దిగింది. ఉపేందర్ మేకను ఏసిండు. నేల కింది నుంచి పెట్టె పైకొస్తది, తలుపు తెరుచుకుంటది, మేక బయటికొచ్చి అటిటు చూస్తది. మేకను చూసినప్పుడల్ల కరుణ కండ్లు మూసుకుంటుండె, మూసుకొనే అడుగుతుండె, తిన్నడా, తిన్నడా అని. ఆ పేరు పెట్టిన నాడు అత్త రాములమ్మ ఇక్కన్నే ఉండె, బిడ్డకు మూడో నెల పడ్డదని చూడవచ్చింది. మొదటి పాప రెండు దినాలే బతికె గదా, ఈసారి మాత్రం నా మాట ఇనుండ్రి అన్నది. పుట్టంగనే చాటల పండబెట్టి పెంటమీద ఏద్దం, పక్కింటోలు ఎత్తుకుంటరు, ఇన్ని నూకలు పోసి వాళ్ల దగ్గర కొనుక్కుందం, మొగపిలగాడైతే పెంటయ్య, ఆడపిల్లయితే పెంటమ్మ, ఆ పేరు ఇంటే చావుకు సుత అసయ్యం పుట్టాలె, ఎనక్కు మర్లిపోవాలె. ఉపేందర్ పకపక నవ్విండు. ఐటీఐ చదివినోని కొడుకు పెంటయ్యనా అత్తమ్మా, కాలేజీల హాజరు పిలుస్తే ఎట్లుంటదో ఎర్కనా నీకు? ఇగో, ఈ పేరు దీనికి పెడుతున్న చూడు, అని అప్పుడే గుడ్డు పలిగి బయటికొచ్చిన రాకాసిబల్లికి ఒక్కొక్క అక్షరం ఏరి కొట్టిండు. కరుణ సుత నవ్వింది. రాములమ్మ నవ్వలే. పేరును నవ్వులాటకు ఇయ్యద్దు బిడ్డా, ఎవలకిస్తే వాళ్లదే అయితది, అన్నది. నోరు మూసుకుంటే ఏం పోతుండె? నవ్వుడు ఎంత అల్కగ వస్తది మనిషికి.

మేక అయిపోయింది. అయినా పెంటయ్య పోయి కంచెకు గుద్దిండు. కడుపు నిండితే సాలదు వానికి, ఇది నేర్సుకునుడికి నెల పట్టింది ఉపేందర్‌కు. మొదలు ఆకలేమో అనుకొని మేక మీద మేక ఏసిండు, రోగమేమో అని మందుసూది కొట్టిచ్చిండు, ఒక్కడే ఉన్నడని ఇంకోదాన్ని తోడు ఇచ్చిండు, దాన్ని సుత కొరికి సంపిండు. ఆఖరుకు తెలిసింది, వానికి ఉరకాలె, ఎంటబడాలె, దొరకపట్టాలె. ముందటికి తెచ్చిపెట్టింది తిని మడుగుకాడ కూసునే జీవి కాదు. అందుకే కంచెకు రెండింతల కరెంటు పెట్టిండు, ఒకటి పోతే ఇంకోటి అందుకునేటట్టు రెండు దిక్కుల నుంచి లైను గుంజిండు, నా కంచె తెగదే కరుణా, బాయి ఎలక్ట్రిషియన్ ఏసిన కంచె, అని మీసం తిప్పిండు. ఆటల కరెంటు కోత లేదు. ఆటల బొగ్గు ఎవడు తవ్వుతున్నడో ఎవడు అడుగడు.

బొగ్గు. సమ్మె తొమ్మిదో దినం, సమ్మె టెంటు కాడ మైకు ఇచ్చిండ్రు. ఎన్నడు మైకు పట్టనోడు, అంతల ఎవలో తమ్మీ మాట్లాడు అని ఈపు మీద సరిచిండ్రు, మాట్లాడిండు. మన బాస ఇని నవ్వినోళ్లు, మన బొగ్గుతోని వెలుగుతున్న లైటు కింద కూసొని నవ్విండ్రు అన్నడు. పని ఇడువుండ్రి, చెల్పూర్ కరెంటు ప్లాంటు పొగ ఆగాలె, కరెంటు పోవాలె, కరెంటు పోయి చీకట్ల కూసున్ననాడు ఎర్క అయితది మనం ఎవలమో. అబ్బో, ఈలలు, చప్పట్లు. ఆడోళ్లు బతుకమ్మ పాట ఆపి సప్పట్లు కొట్టిండ్రు. పక్క క్వార్టర్ ఎర్రయ్య, పెద్దమనిషి, ముప్పై ఏండ్ల సంది బాయిల పనిచేసినోడు, కండ్లనీళ్లు పెట్టుకొని కౌగిలిచ్చిండు. ఆ మాట ఉపేందర్ ఉత్తగ అనలే, కడుపుల నుంచి అన్నడు, ఇప్పుడు అనమన్నా అంటడు. తెలంగాణ రావాలె. పోరడు బతకాలె. ఈ రెండిట్ల ఏది ముందు అని ఎవడన్న అడిగితే వాని పండ్లు రాలగొడతడు. గని ఎవ్వలు అడుగుతలేరు, అదే గదా బాధ. ఉపేందరే వానికి వాడు అడుగుకుంటున్నడు. కరెంటు పోవాలె అని నోరార కోరుకున్నడు, కోరుకున్నట్టే పోయింది, దేవుడు ఎన్నడు ఇంత జల్ది ఇనలే వాని మాట.

ఫోను మోగింది. ఒక్కటి. ఉపేందర్ లేచి నిలబడ్డడు, నిలబడ్డట్టు వానికే తెల్వదు. ఆగింది. రెండున్నర.

ఇంకో అరగంట. తెర మీద పదకొండు శాతం. మూత ఏసెయ్యరాదు? ఏస్తే మళ్ల ఈ నాలుగు గోడలు చూసుకుంట కూసోవాలె. నిన్న పొద్దుగాల్నే జనగామకని బండి తీసిండు గదా, పోయినోడు పోయినట్టు పోతే ఇప్పుడు ఆ అద్దాల పెట్టె పక్కన ఉంటుండె. రేగొండ కాడ రోడ్డు మీద మొద్దులు అడ్డమేసిండ్రు, వంటావార్పు, నడిరోడ్డు మీద రాళ్లు పెట్టి పొయ్యిలు, పెద్ద పెద్ద గంజులల్ల అన్నం ఉడుకుతున్నది. బండి ఆపిండు. ఎవడో గుర్తుపట్టిండు, అరె, గీ అన్న మన బాయి అన్న, ఆనాడు మైకుల మాట్లాడిండు చూడు, గాయనే. ఇగ చుట్టు మూగిండ్రు. యాడికన్నా, బంద్ పిలుపిచ్చినోడివి నువ్వే బండేసుకొని పోతే మేమేం గావాలె? నవ్వుకుంటనే అన్నరు, ప్రేమతోనే అన్నరు. దవాఖానకు పోతున్న, నా కొడుకు పెట్టెల ఉన్నడు, అంటే అయిపోతుండె. ఆ మొద్దును నలుగురు కలిసి ఎత్తి పక్కన పడేస్తుండ్రి, బండి ముందట ఉరుకుతుండ్రి, వరంగల్ దాక ఫోన్లు చేసి తొవ్వ ఇప్పిస్తుండ్రి. అది ఉపేందర్‌కు ఎర్క. ఎర్క ఉండి సుత చెప్పలే. మొదటి పాప పుట్టిననాడు బాయి మీద అందరికి లడ్డూలు పంచిండు, రెండో దినం సాయంత్రం గుంత తవ్విండు. అందుకే రాములమ్మ ఈసారి కరుణ చెయ్యి తన నెత్తిమీద పెట్టిచ్చుకొని ఒట్టేయించింది, ఫోన్ల ఉపేందర్‌తోని సుత ఏయించింది. ఇరవై ఒక్కటో దినం దాక పిలగాడు పుట్టిండని ఇంటోళ్లకు గాక బయటి మనిషికి తెల్వద్దు, నలుగురి నోట్ల పడితే నిలువడు. ఇయన్ని నమ్ముతవా అంటే నమ్మడు ఉపేందర్. నమ్మకపోయినా, వాడు చెప్పినంక పోరనికి ఏమన్న అయితే, ఆ నోరును వాడు ఏం జేసుకోవాలె? ఊకెనే పోతున్ననే, తెల్వక వచ్చిన, అన్నడు. ఒక ముసలవ్వ ఇస్తారాకు చేతిల పెట్టింది. కూసో బిడ్డా, తిను, మొకం గుంజుకపోయింది నీది అన్నది. కూసున్నడు. నడిరోడ్డు మీద, బాసింపట్టు ఏసుకొని, పప్పు పోసుకొని తిన్నడు. తిని, బండి మలుపుకొని ఇంటికొచ్చిండు. తిన్నడు! ఆకలి సుత అయ్యింది, అది యాదికొస్తే ఇప్పటికీ మొకం యాడ పెట్టుకోవాల్నో తెలుస్తలేదు. ఇయ్యాల మళ్ల పోదామంటే అటు పరకాల దాక అడుగడుగున అడ్డమేనట.

నిన్న మాపటీలి కరుణ రెండు నిమిషాలు మాట్లాడింది. గొంతు పల్చగ, ఎక్కడో బాయి అడుగు నుంచి వచ్చినట్టు. పాలు తాగుతలేడు, పైపుతోని పోస్తున్నరు, నీ చెవులే వచ్చినయి, అన్నది. తర్వాత పెంటయ్యకు మేకేసినవా, అని అడిగింది. రోజు అడిగేదే, జనగామకు తల్లిగారింటికి పోయినప్పటి సంది ఒక్కనాడు మర్శిపోలే, గని నిన్న అడిగినంక ఏడ్చింది. ఏసిన, మంచిగ తిన్నడు, అన్నడు ఉపేందర్, ఏయలే అప్పటికి. రాములమ్మ ఫోను గుంజుకున్నది. బిడ్డా, పెంటమీద ఏద్దమంటే పెట్టెల నుంచి తియ్యనిస్తలేరు, ఏం జేసుడు, పేరన్న పెడదమని పెట్టె కాడ నిలబడి చెవుల పడేటట్టు పెంటయ్యా, పెంటయ్యా అని పిలిచిన, అద్దం అడ్డమున్నది, ఇన్నడో లేదో, అన్నది. అత్తకు యాది లేదో, యాది ఉండి అనలేదో. ఆ పేరు ఇక్కడ, ఈ తెర మీద, ఈ బల్లి తల మీద తెల్లటి అక్షరాలల్ల ఆడుతున్నది. చావును మర్లగొట్టే పేరు, ఏ చావూ లేని బొమ్మకు తొడిగి కూసున్నడు.

ఆరు శాతం. కిటికీల నుంచి చూస్తే దూరంగ చెల్పూర్ పొగగొట్టం కనబడుతది. రోజు రోజుకు పొగ పల్చబడుకుంట వచ్చింది, ఇయ్యాల సన్నటి దారం తీరు ఉన్నది. ఆ దారం తెగిననాడు టెంటు కాడ పటాకులు కాల్చాలె అని అనుకున్నరు అందరు. ఉపేందర్ ఆ దారాన్ని చూసుకుంట నిలబడ్డడు. తెగకు, తెగకు, అన్నది లోపల ఏదో. థూ అనుకున్నడు. మళ్ల అదే అన్నది.

రెండు యాబై ఎనిమిది. పెంటయ్య చెట్ల నడుమ నుంచి వచ్చి కంచె కాడ నిలబడి ఇటే చూస్తున్నట్టున్నడు. మూడు శాతం అని ఎర్ర గీత మెరుస్తున్నది. ఇంకో రెండు నిమిషాలు ఓర్సుకో, కరెంటు రాంగనే వైరు పెడత, ఏం గాదు నీకు. అని వానితోని పైకే అన్నడు. ఏం గాదు అని చెప్పవీలున్న జీవి లోకంల ఇదొక్కటే ఉన్నదాయె.

ఫ్యాను కదిలింది.

మొదలు కిర్రుమన్నది, తర్వాత రెక్కలు తిరిగినయి, సల్లటి గాలి తడి బనీను మీద పడ్డది, గా ఒక్క రెప్పపాటు ఒళ్లు హాయి అన్నది. పాడు ఒళ్లు! అటెనకనే తలుపు ఎనక కాయితం యాదికొచ్చింది. ఇక్కడ వచ్చిందంటే అక్కడ పోయింది. ఈ గాలి జనగామ నుంచి గుంజుకొచ్చిన గాలి. బయట లైను పొడుగు క్వార్టర్లల్ల టీవీలు మొత్తుకున్నయి, పోరగాండ్లు వచ్చె వచ్చె అని ఉరికిండ్రు. ఉపేందర్ చేతిల ల్యాప్‌టాప్ వైరు ఉన్నది, గోడకు ప్లగ్గు జానెడు దూరంల ఉన్నది. పెట్టలే. వైరు కింద పడేసిండు. ఫ్యాను బందు చేసిండు. లైటు బందు చేసిండు. అదీ సాలలే, స్టూలేసుకొని మీటరు కాడికెక్కి, తెల్ల పింగాణి ఫ్యూజు పట్టుకొని గుంజిండు.

పిచ్చి పని. వానికి తెల్వకనా? ఈ ఇంట్ల మిగిలిన కరెంటు జనగామకు పోదు. ఆ లైను వేరు, ఈ లైను వేరు, అక్కడ స్విచ్చి ఏసెటోడు ఆరింటికే ఏస్తడు. ఐటీఐ మొదటి ఏడు పోరన్ని అడిగినా చెప్తడు. తెల్సు, అన్నీ తెల్సు, తెల్సిందాంతోని ఏం జేసుకోవాలె? ఒక్క ఫ్యాను, ఒక్క లైటు, వానికైతే ఇంతే ఉన్నది ఇయ్యనీకి. ఫ్యూజు పిడికిట్ల పట్టుకొని స్టూలు మీద నిలబడ్డడు. కింద కుర్చీల తెర ఒక్కపారి మినుకుమన్నది. పెంటయ్య తల ఎత్తినట్టే ఎత్తిండు. నల్లగయ్యింది. దీవి పోయింది, కంచె పోయింది, ఐదు నెలలు పోయినయి. కరుణకు ఏం చెప్పాల్నో. ఆ పేరు ఇప్పుడు ఖాళీగున్నది, తీసుకోరా కొడుకా, ఇంకెవ్వలకియ్య, అని లోపలనే అన్నడు, ఎవలన్న ఇంటరని భయపడ్డట్టు.

ఫోను మోగింది. ఒక్కటి.

స్టూలు మీదనే కండ్లు మూసుకున్నడు. రెండోది రాలే. రాలే. ఇంకా రాలే. ఆగింది. ఇన్వర్టర్ మీద ఉన్నడు పోరడు, నాలుగు దాక. తర్వాత గోవర్ధన్ డబ్బాల డీజిలు ఎంత ఉంటే అంత. ఇంకో ఆరు సార్లు మోగాలె, ఆరు సార్లు ఆగాలె.

తలుపు కొట్టిండ్రు. స్టూలు దిగి తీసిండు. ఎర్రయ్య. గడపల నిలబడి లోపలి చీకటిని చూసిండు, ఎనకకు తిరిగి లైను దిక్కు చూసిండు. అందరిండ్లల్ల టీవీలు, అందరిండ్లల్ల ఫ్యాన్ల సప్పుడు.

"ఏందిరా ఉపేందరు, ఊరందరికి కరెంటొచ్చె, నీకొక్కనికి రాలేదేంది? ఎలక్ట్రిషియన్ ఇంట్లనే చీకటా?" నవ్విండు ముసలాయన. "రా, టెంటు కాడ ఇయ్యాల సుత నువ్వే మాట్లాడాల్నట."

ఉపేందర్ పిడికిలి ఎనకకు పెట్టుకున్నడు. ఫ్యూజు అంచు అరచేతిల గుచ్చుకుంటున్నది. చెప్పాలె, ఇప్పుడన్న చెప్పాలె, ఈయన కౌగిలిచ్చుకుంటడు, బాయి జీపు అడిగి తెస్తడు. నోరు తెరిచిండు. ఇరవై ఒక్క దినాల ఒట్టు ఆ నోటికి అడ్డం నిలబడ్డది.

"మాకింక రాలేదే అన్నా," అన్నడు. "మాకు ఆరింటికొస్తదట."